అంబాసిడర్ ఇంజిన్ మళ్లీ కట్టేటప్పుడు: ఏ బోల్టు ఉంచాలి, ఆయిల్ ఎక్కడ ఆపాలి

"ఇంజిన్ మొత్తం చేయించాం, అయినా కింద ఆయిల్ పడుతోంది." పాత అంబాసిడర్ ఉన్నవాళ్లు ఎక్కువగా చెప్పే బాధ ఇదే. దానికి మన విజయనగరం షెడ్లలో వచ్చే జవాబు కూడా ఒకటే: "అంబాసిడర్ అన్నాక ఆయిల్ కారకుండా ఉంటాదేటి బాబూ!" ఈ జవాబును నేను ఒప్పుకోను. ఒక్క చోట, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) వెనుక వైపు, ఆ ఇంజిన్ కట్టుబడి వల్లే చుక్కో రెండు చుక్కలో పడటం సహజం. మిగతా ఎక్కడ కారినా అక్కడ పని సరిగా జరగలేదనే అర్థం.

హిందుస్థాన్ మోటార్స్ ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మిగిలిన బళ్లను మనమే కాపాడుకోవాలి. ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించి, అంటే బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ తయారుచేసిన బీ-సిరీస్ ఇంజిన్. ప్రీమియర్ పద్మినిలోని 1089 సీసీ ఫియట్ ఇంజిన్‌కూ చాలావరకు ఇదే పద్ధతి. తేడా ఉన్నచోట చెబుతాను. తర్వాతి రోజుల్లో వచ్చిన ఇసుజు 1.8 ఇంజిన్‌కు మాత్రం దాని సర్వీసు పుస్తకమే చూడండి.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. ఆయిల్‌ను ఆపేది ఒకదానికొకటి ఆనుకునే రెండు ఫేసులను అన్ని చోట్లా సమానంగా నొక్కి పట్టే బోల్టు. ప్యాకింగ్ దానికి సాయం, పేస్టు ఆ ప్యాకింగ్‌కు సాయం. మన దగ్గర ఇది తలకిందులైంది. బోల్టును పట్టించుకోకుండా ట్యూబు మీద ట్యూబు పేస్టు పూస్తున్నారు.

విప్పకముందు

ఇంజిన్‌ను కడగకుండానే ఒకసారి టార్చి వేసి చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడే చోటు లీకు చోటు కాదు. తడిగా ఉన్న జాగాలన్నిటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అసలు లీకు. ఈ ఇంజిన్‌లో బ్లాకు పక్కన, మానిఫోల్డ్ కింద రెండు చిన్న సైడ్ కవర్లు ఉంటాయి. అవి కారితే ఆయిల్ బ్లాకు పక్క నుంచి ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచుకు దిగి, ఛాంబర్ ప్యాకింగే పోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎన్ని ఛాంబర్ ప్యాకింగులు మార్చినా లాభం ఉండదు.

సరిగా తెలియకపోతే డీజిల్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఇంజిన్ వేడెక్కేదాకా నడపండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఫోటో తీసి ఉంచుకోండి.

విప్పేటప్పుడు

ప్రతి కవరుకూ ఒక అట్టముక్క తీసుకోండి. కవరు ఆకారం గీసి, బోల్టు ఉన్నచోట బెజ్జం పెట్టి, ఆ బోల్టును వాషర్‌తో సహా అందులోనే గుచ్చండి. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే ఏది పొడుగో ఏది పొట్టో తర్వాత తెలియదు. పొడుగు బోల్టు పొట్టి బెజ్జంలోకి వెళ్తే అడుగు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, కవరు మాత్రం వదులుగానే ఉంటుంది. ఆయిల్ కారడానికి ఇదొక పెద్ద కారణం, పైగా బయటికి కనిపించదు.

మన వైపు గాలిలో తేమ ఎక్కువ. భోగాపురం, భీమిలి దరి బళ్లకైతే ఉప్పుగాలి కూడా తోడు. స్టడ్లు (తల లేని, రెండు చివర్లా థ్రెడ్డున్న బోల్టులు), మానిఫోల్డ్ నట్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు విడిచే ఆయిల్ వేసి వదిలేయండి. మర్నాడు పానా వేసేటప్పుడు మొదట కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు తిప్పండి. కదలకపోతే నట్టును గ్యాసు మంటతో వేడిచేయండి, స్టడ్డును కాదు. దగ్గర్లో పెట్రోలు పైపు, ఆయిల్ గుడ్డలు లేకుండా చూసుకోండి. స్టడ్డు విప్పాలంటే రెండు నట్లు ఎక్కించి, ఒకదాన్ని ఒకటి లాక్ చేసి, కింది నట్టును తిప్పాలి. పైపు పానాతో పట్టి తిప్పిన స్టడ్డు మళ్లీ వాడటానికి పనికిరాదు.

విరిగితే కంగారు పడి డ్రిల్లు పెట్టకండి. ముక్క పైకి కనిపిస్తుంటే దానిపై ఒక నట్టు పెట్టి, మధ్యలో వెల్డింగ్ చేయించండి. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది, నట్టు తిప్పితే ముక్క కూడా వస్తుంది. లోపలే విరిగితే మంచి లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. సాలూరు లారీలకు పేరున్న ఊరు. పెద్ద ఇంజిన్ల మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలు అక్కడ దొరుకుతారు. థ్రెడ్డు పూర్తిగా పోయిన బెజ్జానికి హెలికాయిల్ (కొత్త థ్రెడ్డుగా పనిచేసే తీగ చుట్ట) వేయించడం మంచి పద్ధతి. పద్మిని హెడ్ అల్యూమినియం కాబట్టి ఆ బండికి ఈ అవసరం ఎక్కువగా పడుతుంది. అంబాసిడర్‌కు బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే.

ఏ బోల్టు ఉంచాలి, ఏది పారేయాలి

పాత బోల్టు కనబడగానే "కొత్తది ఏసేద్దాం" అనే మేస్త్రీలు ఉన్నారు. షాపులో దొరికే గుర్తులేని మెత్త ఇనుప బోల్టు కంటే, అరవై ఏళ్ల కిందటి కంపెనీ బోల్టు చాలాసార్లు మెరుగు. ఈ ఇంజిన్ల బోల్టులను సాగే హద్దు లోపలే బిగిస్తారు. విప్పితే తిరిగి తమ పొడవుకు వస్తాయి. ఇప్పటి కార్లలో కొన్నిటికి ఒకసారి బిగిస్తే శాశ్వతంగా సాగిపోయే హెడ్ బోల్టులు ఉంటాయి, వాటిని మళ్లీ వాడకూడదు. ఆ నియమాన్ని తెచ్చి ఇక్కడ పెట్టి మంచి బోల్టులు పారేయకండి.

అయితే ప్రతి బోల్టూ పరీక్ష పాసవ్వాలి. వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, వెలుతురులో కూర్చుని చూడండి.

ముందుగా, తెలిసిన మంచి నట్టును చేత్తో మొదటి నుంచి చివరిదాకా ఎక్కించండి. వేళ్లతోనే సాఫీగా వెళ్లాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే ఆ చోట బోల్టు సాగి, థ్రెడ్ల మధ్య దూరం మారిందని అర్థం. రెండోది, ఒకే చోట వాడే బోల్టులన్నీ గాజుపలక మీద వరుసగా నిలబెట్టండి. ఒకటి మిగతావాటి కంటే పొడుగ్గా ఉంటే అది తోటివాటిలో కలవదు. మూడోది, వెర్నియర్‌తో థ్రెడ్డు పై వ్యాసం రెండు మూడు చోట్ల కొలవండి. నడుము సన్నబడితే పారేయండి. నాలుగోది, నునుపుగా ఉండే భాగం. పైపైన తుప్పు మరక ఉంటే పర్వాలేదు. గోరు తగిలే గుంట ఉంటే మాత్రం పగులు అక్కడే మొదలవుతుంది. తల మూలలు అరిగినవి, వంగినవి ఎలాగూ వద్దు.

బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోటు), మెయిన్ బేరింగ్ బోల్టులకు ఇది చాలదు. వీటికి పగుళ్లు చూపించే రంగు స్ప్రే వాడండి. మూడు డబ్బాల సెట్టుగా వస్తుంది. శుభ్రం చేసి, ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్లపొడి కొడితే పగులు ఉన్నచోట ఎర్రగీత లేస్తుంది. బేరింగు పట్టేసి ఆగిపోయిన ఇంజిన్ అయితే ఆ కనెక్టింగ్ రాడ్డు బోల్టులను పరీక్ష లేకుండానే మార్చేయండి. ఇక్కడ పొదుపు చేస్తే బ్లాకు పక్కకు బెజ్జం పడుతుంది.

ఏ పరీక్షా లేకుండా కొత్తవి వేయాల్సినవి: లాక్ ట్యాబ్ వాషర్లు, స్ప్లిట్ పిన్నులు, చదునైపోయిన స్ప్రింగ్ వాషర్లు, నైలాన్ నట్లు. మడత పెట్టిన రేకు వాషర్లు కూడా. సాదా రాగి వాషర్లు మాత్రం మళ్లీ వాడొచ్చు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. గ్యాసు మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేయండి. ఇనుములా గట్టిపడదు, రాగి మెత్తబడుతుంది. రెండు వైపులా సన్నటి ఉప్పుకాగితంతో నునుపు చేసి బిగించండి.

కొత్తది కొనాల్సి వస్తే తల మీది గుర్తు చూడకుండా కొనకండి. మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. మెట్రిక్ అయితే 8.8, 10.9 అని అంకెలుంటాయి. 8.8లో మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్, అందులో 0.8 వంతు, అంటే 640 దగ్గర, శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. ఏ గుర్తూ లేనిది నంబరు ప్లేటుకు చాలు, ఇంజిన్‌కు వద్దు.

ఇంచి బోల్టు, మిల్లీమీటరు బోల్టు

అంబాసిడర్‌లో ఎక్కువగా యూఎన్‌ఎఫ్ ఇంచి థ్రెడ్లు. పద్మినిలో మెట్రిక్. ఈ రెండిటినీ కలిపేయడం వల్ల పాడైన బ్లాకులు కోకొల్లలు. 5/16 ఇంచి బోల్టు వ్యాసం 7.94 మి.మీ., అంటే దాదాపు 8 మి.మీ. బోల్టంతే. కానీ మొదటిదానికి ఇంచికి 24 థ్రెడ్లు, 8 మి.మీ. మామూలు బోల్టుకు థ్రెడ్డుకూ థ్రెడ్డుకూ 1.25 మి.మీ., అంటే ఇంచికి సుమారు 20. రెండు చుట్లు ఎక్కుతుంది, తర్వాత గట్టిపడుతుంది. అప్పుడు పానాకు పైపు తొడిగి బిగిస్తే థ్రెడ్లు కోసుకుపోతాయి. థ్రెడ్ల మధ్య దూరం చూసే పిచ్ గేజు ఖరీదైన వస్తువేమీ కాదు, ఒకటి కొనండి. ఆ కాలపు బ్రిటిష్ ఇంచి బోల్టు తల మీద గుండ్రటి గుంటో, ఒకదానికొకటి తగిలే వలయాల గుర్తో ఉంటుంది.

పానాలు కూడా అంతే. 5/16 బోల్టుకు అర ఇంచి పానా, అంటే 12.7 మి.మీ. అక్కడ 13 పెడితే తల మూలలు అరుగుతాయి. 3/8 బోల్టుకు 9/16 పానా.

బెజ్జాలు, ఫేసులు

బ్లాకు బెజ్జాల్లోకి కోత ట్యాపు దింపకండి, ఉన్న ఇనుము కూడా పోతుంది. అదే సైజు పాత మంచి బోల్టుకు నిలువునా హ్యాక్సా బ్లేడుతో గాడి కోసి, దాన్నే ఎక్కించి దింపితే మురికి గాడిలోకి వస్తుంది. తర్వాత గాలి కొట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని. అడుగు మూసుకున్న బెజ్జంలో ఆయిలో నీళ్లో మిగిలితే, బోల్టు దిగేకొద్దీ ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. దాని ఒత్తిడికి పోత ఇనుము చీలుతుంది.

పాత ప్యాకింగులు గీకేముందు నీళ్లతో తడపండి. ఆ కాలపు వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకి, గాలి కొట్టి, ఆ దుమ్ము పీల్చకండి. ముక్కుకు మాస్కు ఉండాలి. గ్రైండర్‌కు తగిలించే రాపిడి చక్రాలు బ్లాకు మీద వాడొద్దు. ఫేసులో గుంటలు పడతాయి, ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. ఛాంబర్, సైడ్ కవర్లు, టాపెట్ కవరు, టైమింగ్ కవరు, ఇవన్నీ రేకువి. ఇన్నేళ్లలో ఎవరో ఒకరు అతిగా బిగించే ఉంటారు. అప్పుడు బోల్టు బెజ్జం చుట్టూ రేకు లోపలికి గుంటపడుతుంది. బోల్టు దగ్గర రేకు తగులుతుంది, రెండు బోల్టుల మధ్య ఖాళీ మిగులుతుంది. అక్కడి నుంచే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు, గుంట ఇంకా లోతవుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

కవరును గాజుపలక మీద బోర్లించి, కింద నుంచి టార్చి వేయండి. వెలుతురు ఎక్కడెక్కడ కనబడుతుందో మార్కరుతో గుర్తుపెట్టండి. తర్వాత చదునైన గట్టి చెక్కదిమ్మ మీద అంచు ఆనించి, లోపలి వైపు నుంచి గుండ్రటి తల సుత్తితో చిన్న చిన్న దెబ్బలతో గుంటలు సరిచేయండి. మళ్లీ గాజు మీద చూడండి. ఓపిక పట్టండి, ఈ ఒక్క పనితో సగానికి పైగా లీకులు పోతాయని నా నమ్మకం. బోల్టుల కింద కొంచెం వెడల్పాటి మందపు వాషర్లు వేస్తే రేకు మళ్లీ గుంటపడదు.

ప్యాకింగ్, పేస్టు

కార్క్ ప్యాకింగ్ షాపులో ఏళ్ల తరబడి ఎండి కుంచించుకుపోయి ఉంటుంది. బెజ్జాలు కలవవు. లాగి సాగదీస్తే విరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తిరిగి తన కొలతకు వస్తుంది. తడి తుడిచి, కవరు వైపు మాత్రం పలచగా షెల్లాక్ పూసి అంటించండి. బ్లాకు వైపు గ్రీజు సన్నగా రాయండి. మళ్లీ విప్పినప్పుడు చిరగకుండా వస్తుంది.

అనబాండ్ లాంటి సిలికాన్ పేస్టు చెడ్డదేమీ కాదు, వాడే తీరే చెడ్డది. రెండు భాగాల అతుకు మీద మూడోది కూర్చునే మూలల్లో, అంటే ఛాంబర్ ప్యాకింగ్ పక్కముక్క బేరింగ్ క్యాపు దగ్గరి కార్క్ ముక్కను కలిసేచోట, చిన్న చుక్క పెట్టండి. అంతే. చుట్టూ లావుగా పూస్తే బయటికి వచ్చినంత పేస్టూ లోపలికీ వస్తుంది. అది ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడితే బేరింగులే పోతాయి. ప్లంబర్లు వాడే తెల్ల టేపును కూడా ఆయిల్ పైపుల థ్రెడ్లకు చుట్టకండి, దాని పోగులు కూడా అదే పని చేస్తాయి. బెజ్జం లోపల నీళ్ల దారిలోకో ఆయిల్ దారిలోకో తెరుచుకుని ఉంటే మాత్రం ఆ బోల్టు థ్రెడ్డుకు గట్టిపడని సీలెంటు తప్పనిసరి.

టైమింగ్ కవరు

పాత ఇంజిన్లలో ఇక్కడ ఫెల్టు సీలు, తర్వాతి వాటిలో రబ్బరు ఆయిల్ సీలు. ఫెల్టునైతే ఇంజిన్ ఆయిల్‌లో బాగా నానబెట్టాలి. రబ్బరు సీలైతే పెదవి, లోపలి స్ప్రింగు ఇంజిన్ వైపు ఉండాలి. పొడిగా ఎక్కించకూడదు. పుల్లీ మీద సీలు రాసుకున్న గాడి గోటికి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది; పుల్లీకి సన్నటి స్లీవు వేయించండి. సీలు మీద మూడు కొలతలు అచ్చువేసి ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. బండి పేరు చెబితే లేదన్న షాపులో కూడా ఈ కొలతలు చెబితే దొరకొచ్చు. గాజువాక ఆటోనగర్‌లోని బేరింగ్ షాపుల్లో అడగండి.

కవరు బోల్టులన్నీ వదులుగా పెట్టి, పుల్లీ ఎక్కించి, ఒకట్రెండు సార్లు తిప్పి, సీలు పుల్లీకి సరిగ్గా మధ్యలో కూర్చున్నాకే బోల్టులు బిగించాలి. చాలామంది ముందు కవరు బిగించేసి తర్వాత పుల్లీ కొడతారు. సీలు ఒక వైపు నలిగి, కొద్ది రోజులకే కారుతుంది. క్రాంక్ మీద ఉండే ఆయిల్ విసిరే పళ్లెం ఏ వైపు తిరిగి ఉందో విప్పినప్పుడే ఫోటో తీసుకుని, అలాగే పెట్టండి.

క్రాంక్ వెనుక

ఈ ఇంజిన్‌లో క్రాంక్ వెనుక ఇప్పటి కార్లలోలా రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీదే ఆయిల్‌ను తిరిగి ఇంజిన్‌లోకి నెట్టే మర గాడి కోసి ఉంటుంది. క్రాంక్ తిరుగుతుంటే ఆ గాడి ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. ఆగితే తోసేది ఏదీ లేదు. అందుకే వేడి ఇంజిన్ ఆపాక, లేదా ముక్కు పైకి పెట్టి వాలులో నిలిపినప్పుడు చుక్క పడుతుంది. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ ఎక్కి బండి ఆపితే కనిపించే మరక ఇదే. బెల్ హౌసింగ్ అడుగున చిన్న బెజ్జం, అందులో వదులుగా ఊగే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. ఆ చుక్క క్లచ్ మీద పడకుండా బయటికి పోవడానికే అవి. ఆ బెజ్జాన్ని మూసేసేవాళ్లు ఉన్నారు. దయచేసి మూయకండి, క్లచ్ ప్లేటు పాడవుతుంది.

ఇక్కడ పేస్టు పూస్తే ఏమీ ఆగదు. గాడికీ చుట్టూ ఉన్న ఇనుముకూ మధ్య సందు చుట్టూ సమానంగా ఉండాలి. గాడిలో మడ్డి లేకుండా శుభ్రం చేయండి. మెయిన్ బేరింగులు అరిగితే క్రాంక్ కిందికి దిగి సందు పెరుగుతుంది, కాబట్టి బేరింగులు సరైన కొలతలో ఉండాలి. ఇంకో సంగతి, వెనుక నుంచి వచ్చే ప్రతి చుక్కా దీనిదే కాదు. క్యామ్ షాఫ్ట్ వెనుక బిళ్ల, ఆయిల్ దారి ప్లగ్గు, బ్లాకు వెనుక ప్లేటు ప్యాకింగ్, ఈ మూడూ గేర్‌బాక్సు ఎక్కించాక చెయ్యి పట్టని చోట ఉంటాయి. ఇంజిన్ బయట ఉన్నప్పుడే చూడాలి.

బ్రీదర్ గొట్టం

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతుంది. అది బయటికి పోయే దారి సైడ్ కవరు మీది బ్రీదర్ గొట్టం. అందులో మడ్డి పేరుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, ప్రతి అతుకు నుంచీ ఆయిల్‌ను తోసేస్తుంది. గొట్టాన్ని, ఆయిల్ పోసే మూతలోని జాలీని కడిగి, నోటితో ఊది చూడండి. అంతా సరిగా కట్టినా కారుతుంటే మొదట చూడాల్సింది ఇదే. గొట్టం శుభ్రంగా ఉండి కూడా మూత తీస్తే బుస్సుమని పొగ వస్తే రింగులు లేదా బోరు పోయాయన్నమాట.

బిగింపు

పానా మీద మనం పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్టును సాగదీస్తుంది. మిగతాదంతా తల కింద, థ్రెడ్ల మధ్య రాపిడికే పోతుంది. అందుకే తుప్పు థ్రెడ్డుకు టార్క్ రెంచ్ (పెట్టిన బిగింపు బలం వచ్చిందని చెప్పే పానా) టక్కుమన్నా బోల్టు బిగిసినట్టు కాదు. సర్వీసు పుస్తకం వేరేలా చెప్పకపోతే థ్రెడ్లకు, తల కిందకు చుక్క ఇంజిన్ ఆయిల్ రాయండి. పేస్టులాంటి జారుడు గ్రీజు రాసి అదే టార్క్ పెడితే బోల్టు ఎక్కువ సాగుతుంది.

బీ-సిరీస్‌కు మెయిన్ బేరింగులు 70 అడుగు-పౌండ్లు, అంటే 95 న్యూటన్ మీటర్లు. బిగ్ ఎండ్ 35, అంటే 47. హెడ్ నట్లకు మీ ఇంజిన్ పుస్తకం అంకెనే వాడండి. మధ్య నుంచి బయటికి, పుస్తకంలో ఇచ్చిన వరుసలో, మూడు విడతలుగా బిగించాలి. హెడ్ స్టడ్లను బ్లాకులోకి చేతి బిగింపు వరకే ఎక్కించండి. అడుగుకు కొట్టుకునేలా తిప్పితే చుట్టూ ఉన్న ఇనుము పైకి ఉబుకుతుంది.

రేకు కవర్లకు పొడుగు పానా తీసుకోకండి. చిన్న పానాను పిడి మధ్యలో పట్టుకుని, ఎదురెదురు బోల్టులను వంతులవారీగా, కార్క్ కొద్దిగా ఉబ్బేదాకా బిగిస్తే చాలు. టాపెట్ కవరు రెండు నట్ల కింద రబ్బరు బుష్షులు తప్పకుండా కొత్తవి వేయండి, అవి గట్టిపడితే ఎంత బిగించినా అక్కడి నుంచే కారుతుంది.

స్టార్ట్ చేశాక

20డబ్ల్యూ-50 ఆయిల్ పోయండి. పలచటి కొత్తరకం ఆయిల్ ఈ ఇంజిన్ సందులకు సరిపోదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పి, తర్వాతే స్టార్ట్ చేయండి. సిలికాన్ పెట్టిన మూలలకు మాత్రం ఆయిల్ పోయకముందే ఒక రోజు ఆరే సమయం ఇవ్వండి. కింద శుభ్రమైన అట్ట పరిచి, రాత్రంతా వదిలి, మర్నాడు మరక ఎక్కడుందో చూసుకోండి.

కార్క్ ప్యాకింగ్ మొదటి వేడికే కొంత అణుగుతుంది. ఇంజిన్ చల్లారాక కవరు బోల్టులు ఒకసారి చూడండి, వదులుగా ఉన్నవాటినే కొద్దిగా తిప్పండి. సుమారు 800 కిలోమీటర్ల తర్వాత హెడ్ నట్లు వరుస ప్రకారం ఒక్కొక్కటే కొద్దిగా వదిలి, మళ్లీ టార్క్‌కు తేవాలి. అన్నీ ఒకేసారి వదలకూడదు. హెడ్ బిగిసినప్పుడు టాపెట్ గ్యాప్ తగ్గుతుంది కాబట్టి అదే రోజు గ్యాప్ సరిచేసి, అప్పుడు టాపెట్ కవరు మూయండి.